శాలువా శాస్త్రం

శాలువాలను ఆడిపోసుకునే వాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది!

"ఎందుకండీ ఈ సన్మానాలు? ఎండాకాలంలో ఈ కప్పుకోవడాలేమిటండీ?" అని మూతి విరుస్తారు. శాలువా చలికి కప్పేదని వాళ్ళ భ్రమ. చలి కోసమే అయితే మా పుదుచ్చేరిలో దానితో ఎవరికి పని? డిసెంబరులో కూడా ఫ్యాను వేసుకుని పడుకునే ఊరు మాది. అయినా ఇక్కడ శాలువాలమ్మే కొట్టువాడికి క్షణం తీరిక ఉండదు. మా ఊళ్ళో దాన్ని పొన్నాడై అంటారు. హెడ్మాస్టరు బదిలీ అయితే పొన్నాడై, బ్యాంకుకి కొత్త మేనేజరు వస్తే పొన్నాడై, వీధికి కొత్త కొళాయి వస్తే కొళాయికి తప్ప అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ పొన్నాడై!

ఇంత ఉక్కపోసే ఊళ్ళో ఇంత గుడ్డ ఎందుకు ఖర్చవుతోందో మీరు ఒక్కసారైనా ఆలోచించారా?

నేను ఆలోచించాను. మన ఆఫీసుల్లో శాంతి వర్ధిల్లుతున్నా, తీర్మానాలు ఏకగ్రీవంగా గట్టెక్కుతున్నా, అంతా ఈ జరీ అంచు గుడ్డ చలవే. ఇది నా సిద్ధాంతం. నమ్మకం కుదరలేదా? అయితే డాక్టర్ యోగిత గారి సంగతి వినండి. ఉద్యోగులు ఎందుకు తలలూపుతారో కనిపెట్టడానికి సగం జీవితం ధారపోసిన మనిషి ఆవిడ. ఆవిడ మీదే పనిచేసిన మందు, మీ మీదా నా మీదా పనిచెయ్యదంటారా?

యోగిత గారు కాలాపేట దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో ప్రొఫెసరు. కాలేజీ పేరు చెప్పను. చెబితే నన్ను పిలిచి శాలువా కప్పుతారు, ఆ తరవాత ఈ వ్యాసం పూర్తిచెయ్యడం నా వల్ల కాదు. తాతల కాలంలో బట్టల వ్యాపారానికని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం ఆవిడది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మార్కెట్లో బేరమాడేది తమిళం, పేపర్లు రాసేది ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం రాదు. నేనింత ధైర్యంగా రాస్తున్నది అందుకే.

ఆవిడ సబ్జెక్టు ఆఫీసుల్లో మనుషుల మనస్తత్వం. పదిమంది ఔనంటే పదకొండోవాడు ఎందుకు ఔనంటాడు? బాసు జోకుకి నవ్వు రాకపోయినా పళ్ళు ఎందుకు బయటపడతాయి? ఇలాంటివి. దీనికోసం కాలేజీలో ఒక చిన్న ల్యాబు కూడా ఉంది. ఒక గోడకి ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం. ఆ అద్దం కోసం ఆవిడ ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో, ఎంతమంది చేత చీవాట్లు తిన్నారో ఆవిడకే తెలుసు.

ఆ గదిలో జరిగే ప్రయోగం చాలా సులువైనది. నలుగురు కూర్చుని టీ తాగుతుంటారు. టీలో చక్కెర వెయ్యరు. ముందే మాట్లాడుకున్న ముగ్గురు "అబ్బ, చక్కెర ఎక్కువైపోయింది!" అంటారు. ఏమీ తెలియని నాలుగో మనిషి గ్లాసులోకి ఒకసారి, వాళ్ళ మొహాల్లోకి ఒకసారి చూసి, "ఔనౌను, కాస్త ఎక్కువే" అంటాడు! కొందరైతే షుగరు జబ్బు వస్తుందేమోనని భయపడి గ్లాసు పక్కన పెట్టేస్తారు కూడా.

యోగిత గారి దగ్గర పిహెచ్‌డి చేస్తున్న నివేదిత అనే అమ్మాయి ఇందులో ఒక చిన్న మార్పు చేసింది. తండ్రి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. వైతికుప్పం దగ్గర్నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే పిల్ల. ఆ ముగ్గురిలో ఒకరి చేత నిజం చెప్పిద్దామంది. ఆ ఒక్కరూ "చక్కెర లేదే!" అనగానే నాలుగో మనిషి మొహం విప్పారింది. "నేనూ అదే అనుకుంటున్నా!" అన్నాడు. అద్దం వెనక యోగిత గారు ఆనందం పట్టలేక నివేదితని కావలించుకున్నారు.

ఒక్కరు చాలు! ఒక్కరు నోరు విప్పితే మిగతావాళ్ళకి నోళ్ళు వస్తాయి. ఈ మాట ఆవిడ ఎన్ని సెమినార్లలో చెప్పారో, ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నారో లెక్కలేదు. ఆలోచన నివేదితదే గానీ, పేపర్ల మీద ముందుండేది మాత్రం యోగిత గారి పేరు. గైడు పేరు ముందుండడం చదువుల లోకంలో ఆచారం. దాని గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ కాదనలేదు.

ఇక కాలేజీ డైరెక్టరు ఆదికేశవన్ గారు. ఆయనా మనవాడే, బాహూరు వైపు రైతు కుటుంబం. సైకాలజీ ఒక్క ముక్క చదవలేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. అందరి బీరువాల్లో ఫైళ్ళుంటే ఆయన బీరువాలో శాలువాలుంటాయి.

లైబ్రేరియన్ విజి గారు ఒకసారి లైబ్రరీకి ఫ్యాను కావాలన్నారు. మర్నాడే ఆవిడకి 'గ్రంథ సేవా రత్న' బిరుదూ శాలువా వచ్చాయి. ఫ్యాను ఇంకా రాలేదు. ఆవిడ ఆ శాలువా కొంగుతోనే విసురుకుంటున్నారు. కామర్సు చెప్పే సెల్వరాజ్ గారు ఆదివారాలు కూడా క్లాసులేమిటని గట్టిగా అడిగారు. వారం తిరక్కుండా ఆయన 'నిస్వార్థ గురు' అయిపోయారు. అంత బిరుదు భుజాన వేసుకున్నాక ఆదివారం సెలవు ఏ మొహంతో అడుగుతారు చెప్పండి? క్యాంటీన్ సాంబారులో నీళ్ళు తప్ప ఏమీ లేవన్న చంద్రన్ గారికి ఏకంగా క్యాంటీనులోనే సన్మానం చేసి, అదే సాంబారుతో విందు ఇచ్చారు. ఆయన రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు.

చూశారా! ఛార్జిషీట్లు లేవు, సస్పెన్షన్లు లేవు, యూనియన్లు లేవు. ఇంతకంటే అహింసాయుతమైన పరిపాలన ఇంకెక్కడుంది?

ఇలా హాయిగా సాగిపోతుండగా కాలేజీకి తనిఖీ వస్తోందన్న కబురొచ్చింది. ఉద్యోగులూ విద్యార్థులూ సంతోషంగా ఉన్నట్టు కనిపిస్తే మార్కులు ఎక్కువట. సంతోషం కనిపించాలంటే దానికొక గది కావాలి కదా! డైరెక్టరు గారు కాలేజీ అంతా కలయదిరిగి, అద్దం ఉన్న గది బాగుందన్నారు. అక్కడ 'హ్యాపీనెస్ సెంటర్' పెట్టి, గోడల నిండా నవ్వే పసుపు బొమ్మలు అంటించి, కూర్చుంటే లేవలేని మెత్తటి సంచులు వేస్తారు. అద్దం తీసేస్తారు. స్టాఫ్ మీటింగులో తీర్మానం ప్యాసు కావడమే తరువాయి.

యోగిత గారి కాళ్ళ కింద నేల కదిలింది. ఆవిడ సంగతి అలా ఉంచండి, ఆవిడ ప్రొఫెసరు, ఉద్యోగం ఎక్కడికీ పోదు. నివేదిత మాటేమిటి? ప్రయోగం సగంలో ఉంది. గది పోతే మూడేళ్ళ పని సముద్రంలో కలిపినట్టే. ఫెలోషిప్పు అయిపోవస్తోంది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే స్థోమత ఆ పిల్లకి లేదు.

"మేడమ్, మీటింగులో మీరు చెప్తారు గదా?" అని అడిగింది నివేదిత.

"చెప్తా. ఎందుకు చెప్పను? ఒక్కరు చాలు గదా!" అన్నారు యోగిత గారు.

సెల్వరాజ్ గారినీ విజి గారినీ కలిశారు. "మీరు చెయ్యెత్తండి మేడమ్, వెనకాలే మేమూ ఎత్తేస్తాం" అని ఇద్దరూ తమిళంలో ప్రమాణం చేశారు. చంద్రన్ గారైతే చెయ్యెత్తి చూపించారు కూడా. సిద్ధాంతం ప్రకారం అంతా సవ్యంగా ఉంది. ఇక కావలసిందల్లా ఒక్క చెయ్యి.

ఆ రోజు పొద్దున్న యోగిత గారు బీరువా అద్దం ముందు నిలబడి చెయ్యెత్తుతూ, దించుతూ, "నో సార్, నేను ఒప్పుకోను" అని రకరకాల గొంతుల్లో అనుకుంటుంటే, వాళ్ళమ్మ అమ్మాయమ్మ గారు చూశారు.

"ఏందే, అద్దం ముందర నిలబడి ఎవుర్ని తిడతా ఉండావు?"

"తిట్టలేదు మా. వద్దు అని చెప్పేది ప్రాక్టీసు చేస్తా ఉండా."

"దానికి ప్రాక్టీసు ఏందే? నేను దినామూ మాత్తిర వద్దంటానే ఉండాను గదా. సులువుగానే వస్తుంది."

మీటింగు మొదలైంది. డైరెక్టరు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "అజెండాలోకి పోయే ముందర ఒక మంచి పని చేద్దాము. ఆఫీసుల్లో మనిషి తన మనసులో మాట ధైర్యంగా చెప్పాలని ఇన్నేళ్ళుగా పరిశోధన చేస్తా ఉండే మన యోగితమ్మకి ఈ కాలేజీ ఇంతవరకూ ఏమీ చెయ్యలేదు. అది నా తప్పు. ఈ దినం ఆ తప్పు సరిదిద్దుకుంటా ఉండాను."

యోగిత గారికి క్షణంలో అంతా అర్థమైంది. ఎదుటివాడు అడగకుండా ఏదైనా ఇస్తే, తీసుకున్నవాడు కాదనలేడు. దీనిమీద ఆవిడ ఒక పుస్తకంలో అధ్యాయమే రాశారు. రాసిన అధ్యాయం కళ్ళముందు పేజీలు తిరుగుతూనే ఉంది, ఆవిడ లేచి నిలబడి నవ్వుతూనే ఉన్నారు. ఊదారంగు శాలువా భుజాల మీదకి వచ్చింది. మెడలో గంధపు మాల పడింది. రెండు చేతుల్లో పెద్ద ఇత్తడి పళ్ళెం, అందులో అనాసపండు, ఆపిళ్ళు, ద్రాక్ష గుత్తి, దానిమ్మలు, మధ్యలో జ్ఞాపిక. ఫోటోగ్రాఫరు "మేడమ్, ఇటు చూడండి" అన్నాడు. ఇటు చూశారు.

"అట్లే నిలబడు మా, అందరూ చూడాలి" అన్నారు డైరెక్టరు గారు ఆప్యాయంగా. ఆవిడ పళ్ళెంతో అట్లే నిలబడ్డారు. ఆయన అదే ఊపులో, "ఇంక మొదటి తీర్మానం. హ్యాపీనెస్ సెంటర్. కాదనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు.

గదిలో అందరూ యోగిత గారి చేతుల వైపు చూశారు. చేతులు రెండూ పళ్ళెం కింద ఉన్నాయి. అనాసపండు అటూ ఇటూ ఊగుతోంది. ఒక చెయ్యి తీస్తే పళ్ళన్నీ డైరెక్టరు గారి పాదాల మీద పడతాయి. సెల్వరాజ్ గారు ఆవిడ కోసం చూశారు. విజి గారు సెల్వరాజ్ గారి కోసం చూశారు. చంద్రన్ గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"ఎవురూ లేరా? ఏకగ్రీవం!" అన్నారు డైరెక్టరు గారు. చప్పట్లు మోగాయి.

పాఠకులారా, ఇదీ శాలువా ఘనత! ఇన్నేళ్ళ పరిశోధనని ఒక్క పళ్ళెం ఆపేసింది. మీరూ నేనూ అయితే పళ్ళెం బల్ల మీద పెట్టి చెయ్యెత్తేవాళ్ళం అనుకుంటున్నారు కదూ? అనుకోండి. అనుకోవడానికేం.

వెనక కుర్చీలో కూర్చుని మీటింగు వివరాలు రాసుకుంటున్న నివేదిత చప్పట్లయ్యాక లేచి వచ్చింది. కోపంగా లేదు. యోగిత గారి చేతుల్లోంచి పళ్ళెం అందుకుంది.

"ముందే అడిగుంటే నేను పట్టుకునేదాన్ని మేడమ్" అంది.

ఆ మాటకి యోగిత గారికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్ళే బస్సులో ఆవిడ శాలువాని చిన్న మూటలా చుట్టి బ్యాగు అడుగున కుక్కారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నారు.

ఇంట్లో అమ్మాయమ్మ గారు సంగతంతా విన్నారు. శాలువా విప్పి వెలుతురులో పెట్టి చూశారు. బట్టల వ్యాపారుల ఇంటి ఆడపడుచు కదా, "జరీ మంచిది కాదు" అన్నారు ముందు. తరవాత, "భుజానికి గదా కప్పినారు, నోటికి కాదే. వద్దని నోటితో చెప్పేది ఏమైంది?" అన్నారు.

 యోగిత గారు పరిశోధకురాలు. సమాధానం లేనిచోట ప్రయోగం ఉంటుంది. ఆ శాలువాని చాలాసేపు చూశారు. వద్దనడం తన వల్ల కాదు, అది తేలిపోయింది. కానీ కప్పడం ఎవరి వల్లనైనా అవుతుంది కదా!

ఆ నెలలోనే కాలేజీ వార్షికోత్సవం. బీచికి దగ్గర్లో అద్దె హాలు. తల్లిదండ్రులు, పత్రికలవాళ్ళు, ముఖ్య అతిథి, వీడియో కెమెరాలు. సన్మానాల ఏర్పాట్లు నేను చూసుకుంటానని యోగిత గారు ముందుకొచ్చారు. బాలమురుగన్ శాలువాల కొట్టుకి స్వయంగా వెళ్ళి అన్నిటికంటే బరువైనది ఎంచుకున్నారు. పన్రుటి నుంచి ఒక పనసపండు తెప్పించారు. మామూలు పనసపండు కాదు, ఇద్దరు మోసుకొచ్చింది.

సభ మధ్యలో ఆవిడ మైకు అందుకున్నారు. "మన డైరెక్టరు గారిని సన్మానించకుండా ఈ సభ ముగియకూడదు" అన్నారు. ఆయన మొహమాటంగా నవ్వుతూ లేచారు. శాలువా కప్పారు. నిలువెత్తు మాల వేశారు. పనసపండుని రెండు చేతుల్లో పెట్టారు. ఆయన మోకాళ్ళు కొంచెం వంగాయి. ముళ్ళు గుచ్చుకుంటున్నాయి, కెమెరాలు చూస్తున్నాయి, కనుక నవ్వారు.

అప్పుడు యోగిత గారు చెప్పారు: "హ్యాపీనెస్ సెంటర్‌కి ఈయన ఒక గది కేటాయించారు. కానీ ఆ గదిలో ఒక పేద విద్యార్థిని పరిశోధన సాగుతోందని తెలిసి, చదువుకంటే సంతోషం ఏముందని, ఆ గదిని ఆ పిల్లకే వదిలేశారు. ఇలాంటి డైరెక్టరు ఏ కాలేజీకి దొరుకుతారు?"

హాలు దద్దరిల్లింది. ముఖ్య అతిథి లేచి చప్పట్లు కొట్టారు. తల్లిదండ్రులు కళ్ళు తుడుచుకున్నారు. ఆదికేశవన్ గారు అది కాదని చెప్పడానికి చెయ్యెత్తబోయారు. చేతుల్లో పనసపండు ఉంది. నోరు తెరిచారు. మైకు యోగిత గారి దగ్గర ఉంది. చివరికి తల ఊపారు. లేని మంచితనానికి నలుగురి ముందు పొగిడించుకున్నవాడు, దాన్ని ఎలాగైనా సంపాదించుకుని తీరతాడు. ఇదీ ఆవిడ పుస్తకంలో ఉంది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. పై వారం స్టాఫ్ మీటింగులో హ్యాపీనెస్ సెంటర్ క్యాంటీన్ పక్కన వరండాలోకి మారింది. అద్దం గది నివేదితకే ఉండాలన్న తీర్మానాన్ని కాదనేవాళ్ళు చెయ్యెత్తాలన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఏకగ్రీవం! ఇంత జరిగాక కూడా ఆ కాలేజీలో ఒక్కరూ 'వద్దు' అన్న పాపాన పోలేదని గమనించండి. ఇంకా శాలువాల మీద నోరు పారేసుకుంటారా?

నివేదిత ప్రయోగం పూర్తయింది. ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. పేపరు రాసి, కంప్యూటర్లో తెరిచి యోగిత గారికి చూపించింది. ఆవిడ మురిసిపోతూ చదివి, పైన పేర్ల దగ్గర ఆగారు.

"నీ పేరు ముందు వేసినావేంది? నాది ముందుకి మార్చు."

 నివేదిత తలెత్తింది.

"కుదరదు మేడమ్" అంది. "ఆలోచన నాది, పని నాది. ఇన్నాళ్ళూ ఊరుకున్నా. ఈసారి నా పేరే ముందు ఉండాల."

యోగిత గారు కుర్చీలో వెనక్కి వాలారు. జీవితమంతా ఆ మాట మీద పరిశోధన చేసిన మనిషి, దాన్ని ఇంత దగ్గర్నుంచి వినడం ఇదే మొదటిసారి.  ఆ పిల్ల చేతుల్లో పళ్ళెం లేదు. ఎంత చక్కగా అంది! పేపర్లో రాయదగ్గ ఉదాహరణ. కానీ వినడానికి ఏమాత్రం బాగాలేదు. ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

"రేపు మాట్లాడుకుందాము" అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ ఫోను పట్టుకుని హడావిడిగా ఉన్నారు. అమ్మాయమ్మ గారు వంటింట్లోంచి తొంగి చూశారు.

"మళ్ళా ఎవురికే శాలువ?"

"నివేదితకి మా. బంగారం లాంటి పిల్ల."

"ఆ పిల్ల శాలువ అడిగిందా?"

యోగిత గారు వినిపించనట్టు బాల్కనీలోకి నడిచారు.

కాబట్టి పాఠకులారా, వచ్చే శుక్రవారం కాలేజీ సెమినారు హాల్లో కుమారి నివేదితకి ఘన సన్మానం. బిరుదు 'వినయ శిఖామణి'. పేపరు జర్నలుకి పంపించేది శనివారం. మీరంతా తప్పక రావాలి. ఏర్పాట్లన్నీ యోగిత గారే దగ్గరుండి చూస్తున్నారు. శాలువా ఏ రంగుదైనా ఫరవాలేదన్నారట బాలమురుగన్‌తో. పళ్ళెం మాత్రం రెండు చేతులా పట్టుకోవలసినంత పెద్దది ఉండాలన్నారట.